ఇంటర్వ్యూ అయ్యేదాకా

ఇటిక్యాల,
15 జూన్ 2007

చెల్లీ సుగుణా,

సోమవారం పొద్దున నాయిన వాకిట్లో కూర్చొని విత్తనానికి పల్లికాయలు ఒలుస్తున్నాడు. నేను దేవుని దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి, "చిన్నది ఏం చేస్తున్నది?" అని అడిగాడు.

పీహెచ్‌డీ చేసినా కాలేజీ ఉద్యోగాలు దొరకడం లేదని, వేరే కొలువులకు పనికొచ్చేటట్టు యూనివర్సిటీలో వారం రోజులు శిక్షణ ఇస్తున్నారని చెప్పాను. "నలుగుర్ల ఎట్ల మాట్లాడాల్నో గూడ నేర్పుతరట నాయినా" అన్నాను.

"దానికి మాట్లాడుడు నేర్పాల్నా? పుట్టినకాడికెల్లి ఎన్నడన్న నోరు మూసిందా!" అని నవ్వాడు.

కాసేపటికే గుండె పట్టుకున్నాడు. గద్వాల దవాఖానకు చేరకముందే పోయాడు.

బుధవారం నువ్వు ఫోన్ చేస్తే "నాయిన పండుకున్నడు" అన్నది నేనే. శుక్రవారం విత్తనాల కంపెనీవాళ్లు ఇంటర్వ్యూకు వస్తున్నారని నువ్వు సంబరంగా చెబుతుంటే, జోగులాంబ తల్లిని తలుచుకుంటూ విన్నాను.

ఈ ఉత్తరం తెచ్చిన మహేందర్ అన్నతో ఇంటికి రా.

ఆ సోమవారం మధ్యాహ్నం అందరం కూర్చున్నాం. "చిన్నది కడసారి చూడకుంటే ఎట్లక్కా? నేను పోయి తోల్కొస్త" అన్నాడు మహేందర్. "ఇప్పుడొస్తే అది మళ్ల పోదు. ఎనిమిదేండ్ల కష్టం" అన్నాను నేను. అమ్మ లేచిపోయి నాయిన పక్కన కూర్చున్నది. నీ ఇంటర్వ్యూ అయ్యేదాకా చెప్పవద్దని, పొద్దుగుంకకముందే నాయినను సాగనంపాలని నిర్ణయించాం.

నీ పెద్దక్క