ఎనభై దగ్గర ఆగని ఊరు

నల్లమాడ,
మార్చి 4

కార్ల పోటీ రాసిన ఆఫ్తాబ్ గారికి నల్లమాడ చార్జింగ్ స్టేషన్ చూసుకునే శ్రీరంగప్ప రాయునది. మేం క్షేమం. మీ పత్రిక చదివేదాకా ఇంకా క్షేమంగా ఉన్నాం.

బెంగళూరు నుంచి విజయవాడ దాకా మూడు కరెంటు కార్లు నడిపి, ఏది ఎంత త్వరగా చార్జింగ్ ఎక్కుతుందో పోల్చి రాశారు. తెల్ల కారు, ఎర్ర కారు, నల్ల కారు, అన్నిటికీ పట్టిక వేశారు. మంచిదే. అదే పట్టికలో చిలమత్తూరు స్టేషన్‌కు ‘మెరుపు వేగం’ అని, మా నల్లమాడకు ‘ఇక్కడ ఆగితే పూట గడిచిపోతుంది’ అని రాశారు. ఆ రోజు మా పందిరి కింద కూర్చుని మూడు సంగటి ముద్దలు తిన్నది మీరే కదా? నీలం చొక్కా. నాకు బాగా గుర్తు.

ఆ స్టేషన్ ఉన్న చేను నాది. బోరు మీద బోరు వేసినా నీటి చుక్క చూడని చేను. అక్కడ ఇప్పుడు కార్లు తాగేంత కరెంటు పడింది. "శ్రీరంగప్ప చేన్లో పడిందంట!" అని ఊరంతా వచ్చి టెంకాయలు కొట్టింది. దాన్ని పట్టుకుని నెమ్మది అంటారా? మిషన్ పెట్టిన కంపెనీవాళ్లు ఈ ఎండాకాలంలో వచ్చి చూస్తారట. కార్లు ఆగడం లేదని తేలితే మిషన్ పీక్కుని పోతారట. చిలమత్తూరులో స్టేషన్ చూసేది నా బావమరిది శివప్ప. మీరు రాసిన పేజీని జిరాక్స్ తీసి, పెళ్లిపత్రికలాగా నాలుగు మూలలా పసుపు పెట్టి నాకు పంపించాడు.

మా కరెంటు నెమ్మది కాదని వచ్చే నెల అచ్చు వేయండి.

ఇట్లు,
మనసు నొచ్చిన శ్రీరంగప్ప

తా.క.: ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఫోన్లో తిడితే మీకొక్కరికే వినిపిస్తుంది. ఉత్తరమైతే ఆఫీసులో నలుగురూ చదువుతారు.

హైదరాబాదు,
మార్చి 11

పెద్దలు శ్రీరంగప్ప గారికి ఆఫ్తాబ్ నమస్కారాలు.

మీ ఉత్తరం మా ఆఫీసులో నలుగురు కాదు, అందరూ చదివారు. క్యాంటీన్ ఆయన కూడా చదివాడు.

మీ కరెంటును నేనేమీ అనలేదు. ఒక్కో కారును రెండుసార్లు నడిపాం, ఒకసారి చిలమత్తూరులో ఆపి, ఒకసారి మీ దగ్గర ఆపి. ఎనభై శాతం దాకా రెండు మిషన్లూ సమానమే. ఎర్ర కారుకైతే మీదే కాస్త జోరు. ఎనభై దాటాక బ్యాటరీయే వేడెక్కకుండా తనను తాను నెమ్మది చేసుకుంటుంది. మొదటి ఎనభైకి పట్టినంతసేపు చివరి ఇరవైకీ పడుతుంది. అందుకే దూరం పోయేవాళ్లు ఎనభై దగ్గర చార్జింగ్ గన్ను పీకేసి బయలుదేరతారు. చిలమత్తూరులో మేం చేసింది అదే. మీ దగ్గర పీకబోతే మీరు అడ్డం నిలబడి, "యాడికప్పా అంత తొందర? నిండనీ!" అన్నారు. మూడు కార్లకూ అన్నారు. పెద్దవారి మాట కాదనలేక నిండేదాకా కూర్చున్నాం. అందుకే పూట గడిచింది.

ఇకపై ఎనభైకి వదిలేయండి. మీ ర్యాంకు దానంతటదే పైకి వస్తుంది.

భవదీయుడు,
ఆఫ్తాబ్

తా.క.: మీరు సంగటిలోకి వేసిన చెనిక్కాయల ఊరిబిండికి మా పట్టికలో గడి లేదు. ఉండి ఉంటే చిలమత్తూరు ఓడిపోయేది.

నల్లమాడ,
మార్చి 18

ఎనభై చాలన్న ఆఫ్తాబ్ గారికి శ్రీరంగప్ప రాయునది.

మీ మనసులో మాట అర్థమైంది. పాపం కరువు నేల, వీళ్లు వంద ఎక్కడ ఇవ్వగలరు, ఎనభై ఇస్తే చాల్లే అని జాలిపడుతున్నారు. ఆ జాలి మాకొద్దు.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. దారిన పోయేవాడు బిందె పట్టుకుని గడపలోకి వస్తే, మాకు మిగిలినా మిగలకపోయినా, అంచు దాటి పొర్లేదాకా పోస్తాం. వెలితి బిందె ఇచ్చామంటే, మళ్లీ మా ఇంటికి రావద్దని చెప్పినట్టు. ఒక్క వెలితి బిందెతో రెండిళ్ల మధ్య రాకపోకలు తెగిపోవడం నేను చూశాను. నా జన్మలో ఎప్పుడూ నీళ్లు చాలినన్ని చూడలేదు. ఈ కరెంటేమో ఎండ నుంచి తీస్తారట. ఎండకు మా దగ్గర ఒక్కరోజు కూడా కొరత లేదు. ఇన్నాళ్లకు పుష్కలంగా ఇవ్వగలిగింది ఒకటి దొరికితే, దాన్ని ఎనభై దగ్గర ఆపమంటారా? నిండిన కారు నా చేను దాటి పోతుంటే నాకెంత గర్వంగా ఉంటుందో మీకేం తెలుసు!

లోపం మీ కార్లలోనే ఉంది. నేనూ పోల్చి చూశాను. ఎర్ర కారు పెళ్లి భోజనానికి వచ్చిన కుర్రాడి బాపతు. మొదట గబగబా మింగుతుంది, పాయసం వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. తెల్ల కారు అచ్చం మా వియ్యంకుడే, తొందరా లేదు, ఆపడమూ లేదు. నల్ల కారు ఎండన పడి వస్తే ఒళ్లు చల్లారేదాకా ముద్ద ముట్టదు. ఇది అచ్చు వేయండి, జనానికి మీ పట్టిక కంటే బాగా అర్థమవుతుంది.

ఇట్లు,
వంద శాతం శ్రీరంగప్ప

తా.క.: వంద కాకముందే ఎవరూ గన్ను పీకకుండా మా ఆవిడ సుంకమ్మ నులక మంచం అడ్డం వేసుకుని కూర్చుంటోంది. ఆమెను దాటుకుని పోయినవాడు ఇంతవరకు లేడు. నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను.

హైదరాబాదు,
మార్చి 26

గౌరవనీయులైన శ్రీరంగప్ప గారికి ఆఫ్తాబ్ నమస్కరించి రాయునది.

మీ కార్ల పోలిక యథాతథంగా అచ్చు వేస్తున్నాం. మా ఎడిటర్ గారు ఇప్పుడు నన్ను కూడా మీలాగే రాయమంటున్నారు.

వెలితి బిందె సంగతి చదివి సిగ్గుపడ్డాను. జాలితో రాసింది కాదని నమ్మండి. ఒక్కటి మాత్రం అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ రోజు మా కారు నిండుతున్నంతసేపూ వెనక ఇంకో కారు ఆగి ఉంది. అందులో ఒక ముసలావిడ కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. మొదటి బిందె పొర్లేదాకా మీరు పోస్తుంటే, రెండో బిందె పట్టుకున్న మనిషి ఎండలో నిలబడి ఉంది. ఆమె కూడా మీ గడపలోకి వచ్చినదే కదా?

భవదీయుడు,
ఆఫ్తాబ్

తా.క.: సుంకమ్మ గారికి నమస్కారాలు. దూరం నుంచే.

నల్లమాడ,
ఏప్రిల్ 10

ఆఫ్తాబుకు శ్రీరంగప్ప ఆశీస్సులు. ‘గారు’ తీసేసింది కోపంతో కాదు, చనువుతో.

నీ రెండో బిందె నన్ను కొట్టింది. రెండు పూటలు ముద్ద సయించలేదు. ఇన్నాళ్లూ ముందున్నవాడి ముఖమే చూశాను గానీ, వెనకున్నవాడి ముఖం చూడలేదు. అందుకని పద్ధతి మార్చేశాను. ఇప్పుడు ఎనభై చూపించగానే నేనే గన్ను పీకేస్తున్నాను. ఎవరు బతిమాలినా వినడం లేదు. నిన్న ఒకాయన ఎనభై ఒకటికి దండం పెట్టాడు. ఇవ్వలేదు.

వచ్చే సోమవారం కంపెనీవాళ్లు వస్తున్నారు. మా వేగం చూసి వాళ్ల కళ్లు తిరగాలి. మిషన్ పోయిందంటే, నా చేను మళ్లీ ఒట్టి చేనే.

ఇట్లు,
నీ శ్రీరంగప్ప

తా.క.: సుంకమ్మ మంచం తీయలేదు. అటువైపు తిప్పింది. ఇప్పుడు ఎనభై దాటి కావాలనేవాళ్లను ఆపుతోంది.

హైదరాబాదు,
ఏప్రిల్ 10

చిన్నాయనకు (ఇక ఇలాగే పిలుస్తాను) ఆఫ్తాబ్ సలాములు.

తప్పు నాదే. మొన్న మా ఆవిడ షీరీన్‌ను, పిల్లలను మా అత్తగారి ఊరి నుంచి కారులో కడపకు తీసుకుపోయాను. చిలమత్తూరులో ఎనభైకి గన్ను పీకి, మీ ఊళ్లో ఆగకుండా దర్జాగా దాటిపోయాను. ముందు ఇంకో స్టేషన్ ఉందని ధీమా. తీరా పోతే ఆ మిషన్ రిపేరు. చింతచెట్టు కింద సాయంత్రం దాకా కూర్చున్నాం. షీరీన్ మా పత్రికతోనే పిల్లలకు విసురుతూ కూర్చుంది. చివరికి, "నీ పట్టిక ఉండాది కదా, దాని మీద ఎక్కి పోదాం పా" అంది. ఆమెది హిందూపురం.

అందుకే ఈ నెల పత్రికలో అట్ట మీదే వేశాం: ‘నల్లమాడలో ఆగండి, నిండా నింపుకోండి’ అని. ఈ ఉత్తరం కంటే పత్రికే ముందు మీ ఊరు చేరుతుంది.

మీ
ఆఫ్తాబ్

తా.క.: ఎనభై గురించి నేను రాసినవన్నీ మరిచిపోండి.

నల్లమాడ,
ఏప్రిల్ 20

ఒరే ఆఫ్తాబూ, చిన్నాయన దీవెనలు.

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. మధ్యలో నలిగింది నేను.

సోమవారం పొద్దున్నుంచే కార్లు. ప్రతివాడి చేతిలో నీ పత్రిక. "నిండా పోస్తారంట కదా పెద్దాయనా!" అంటూ దిగుతున్నారు. నేనేమో ఎనభైకి పీకేస్తున్నాను. "ఏమప్పా, పుస్తకంలో ఒకటి రాపిచ్చి ఈడ ఇంకోటి చేస్తాండారే?" అని ఒకడు మీదికొచ్చాడు. "ఎనకాల ఎండలో ఉండేది మనుషులు కాదా?" అని నేనూ గొంతు పెంచాను. ఇంతలో కళ్లద్దాలావిడ ఒకామె, సొంతంగా కారు నడుపుకుంటూ వచ్చింది. ఎనభైకి పీకితే నిండా కావాలంది. "మిగతా ఇరవై కావల్లంటే మళ్లా వరసలో చివరికి పోయి రామ్మా" అన్నాను. ఆమె నవ్వి, అలాగే కారు తిప్పుకుని చివరికి పోయింది. ఆమెను చూసి అందరూ అదే పని. ముందు నుంచి పోయిన కారు వెనక్కి వచ్చి చేరుతోంది. మధ్యాహ్నానికి వరస కల్వర్టు దాటి బస్టాండు తాకింది. ఊరికే నిలబడతారా, అందరూ పందిరి కిందికి వచ్చారు. సుంకమ్మ సంగటి చట్టి మళ్లీ మళ్లీ పొయ్యికి ఎక్కించింది.

రెండోసారి గన్ను పెట్టించుకుంటూ ఆ కళ్లద్దాలావిడ చెప్పింది: "నా పేరు రెబెకా. కంపెనీ నుంచి వచ్చినాను. ఇంత వరస నేను యాడా చూళ్లేదు. మీకు ఒక మిషన్ చాలదు." తిరిగేవి ఆ కార్లేనని ఆమెకు తెలియదా అంటావేమో. తనూ ఆ వరసలోనే తిరిగింది కదా, ఎందుకు తెలియదు? "ఇన్నిసార్లు తిరిగొచ్చినా ఒకరూ ఇడిసిపెట్టి పోలేదు కదా" అంది.

నిన్న రెండో మిషన్ వచ్చింది. ఇప్పుడు మొదటి బిందె నిండుతుంటే రెండో బిందె కూడా నిండుతోంది. ఎవరికీ ఎండ లేదు, ఎవరికీ వెలితి లేదు. నీళ్లు పడని నా చేను ఇప్పుడు రెండు చేతులా ఇస్తోందిరా. నాకు ఏడుపొచ్చింది.

ఇట్లు,
రెండు మిషన్ల శ్రీరంగప్ప

తా.క.: రెండో మిషన్ ఎక్కడిదని అడగలేదు నువ్వు. చిలమత్తూరుది. అక్కడ కార్లు ఎంత త్వరగా వెళ్లిపోతాయంటే, కంపెనీవాళ్లు పోయినప్పుడల్లా ఖాళీగానే కనబడిందట. ఇవాళ మా శివప్ప వచ్చాడు, తన కారులో కరెంటు అడుగంటి. తలెత్తలేదు. నేనే గన్ను పెట్టాను. ఎనభై కాగానే "చాల్లే బావా, పోతా" అన్నాడు. పోనివ్వలేదు. పక్కనే కూర్చున్నాను. సుంకమ్మ ఇద్దరికీ సంగటి పెట్టింది. తొంభై తొమ్మిది మీద చాలాసేపు నిలిచింది. అప్పుడు వాడు ముద్ద మింగి, అటువైపు చూస్తూ అన్నాడు: "బావా, నీ మిషన్ స్పీడే."