గోడ మీది ముద్ద

చిల్లకూరు,
మంగళవారం

చెల్లెలు శేషమ్మకు హజరత్తయ్య దీవించి రాసేది,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. నా చెవుడుకు ఫోనులో అరవాలి, అరిస్తే మా అమ్మాయి ఉషారాణి వింటుంది. చెప్పబోయేది దాని గురించే.

పోయిన నెల మోకాలి ఆపరేషన్ కోసం నెల్లూరు తీసుకుపోయింది కదా. ఆ డాక్టరమ్మ మోకాలు చూసింది తక్కువ, నన్ను ఆడించింది ఎక్కువ. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవమంది. రెండోసారికే కూలబడ్డాను. పిడికిట్లో ఏదో మిషను పెట్టి నొక్కమంది. కర్రతో నాలుగడుగులు నడిపించి గడియారం చూసుకుంది. ఆరు నెలల్లో ఏడు కిలోలు తగ్గానట. చివరికి, "మీ ఒళ్లంతా డస్సిపోయిందండీ. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే మళ్లీ లేచి నడవడం కష్టం. వయసు చూసి చెప్పడం లేదు, సత్తువ చూసి చెబుతున్నా. మూడు నెలలు బాగా తిని కండ పట్టించండి, అప్పుడు చేద్దాం," అంది. డెబ్బై ఆరేళ్లకు కండ పట్టించాలట! నన్నేమైనా కోడెదూడ అనుకుందా?

మీ వదిన సంవత్సరీకానికి ఐదు నెలలు కూడా లేదు. ఆ రోజు పిండం కలపడానికి, బండి దిగి సముద్రం ఒడ్డుదాకా నా కాళ్ల మీద నేను నడిచి పోవాలి, నన్ను ఎవరూ మోసుకుపోకూడదు. నాకున్న కోరిక అదొక్కటే.

నా అనుమానం విను. నన్ను బయట కూర్చోబెట్టి ఉష డాక్టరమ్మతో పావుగంట మాట్లాడింది. కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. ఏమైందని అడిగితే "ఏం లేదు నాయనా" అంది. ఏం లేనిదానికి ఎవరైనా ఏడుస్తారా? ముసలోడికి ఇంకా ఆపరేషన్ ఎందుకులే అని ఇద్దరూ తేల్చేసుకున్నారు. మూడు నెలలన్నది నా నోరు మూయించడానికే. అప్పటినుంచి గుడ్లు, పప్పు, చేపలు, రోజుకు మూడుసార్లు కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. చెప్పింది చేస్తున్నాను గానీ నమ్మకం లేదు.

ఇంకోటి. బడికి సెలవులిచ్చారని మన టీచరమ్మ ఉష ఇంట్లోనే ఉంది కదా, రోజూ పదకొండున్నరకు కొంగు చాటున ఏదో పొట్లం పట్టుకుని పెరటి గోడ వెనక సందులోకి పోతుంది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంటుంది. నా కూట్లో ఏ మందన్నా కలుపుతోందా?

మీ వదిన పోయినప్పటినుంచి మధ్యాహ్నం ముందు ఆమె ముద్ద గోడ మీద పెట్టి, కాకి ముట్టాకే నేను తింటున్నాను. ఇది ఉషకు తెలియదు. కాకులన్నీ రొయ్యల గుంటల దారి పట్టాయి. చాలా రోజులు మధ్యాహ్నం మూడు గంటలైనా ఒక్కటీ వాలేది కాదు. అప్పటికి ఆకలి చచ్చి, రెండు మెతుకులు కొరికి లేచేవాణ్ణి. ఈ నెల మాత్రం పన్నెండు కొట్టేసరికి ఠంచనుగా వస్తున్నాయి. ఈ ఇంట్లో నా మీద దయ ఉన్నది మీ వదినకొక్కదానికే.

నువ్వు మెల్లగా ఉషను కదిపి నిజం రాబట్టు. నా పేరెత్తకు.

నీ అన్న
హజరత్తయ్య


చిల్లకూరు,
ఆదివారం

శేషమ్మా,

పోయిన ఉత్తరం పొయ్యిలో పెట్టు.

"అంత అనుమానముంటే నువ్వే పోయి చూడు" అని నువ్వు రాసిన ముక్కకు నాకు రోషమొచ్చింది. నిన్న ఉష పొట్లంతో కదలగానే కుర్చీలోంచి లేచి వెనకే పోయాను. సందులో గోడ వారన ఎండు నెత్తళ్ల చేపలు చల్లి, పైకి చూస్తూ "కా, కా" అని పిలుస్తోంది నీ మేనకోడలు! ముప్పై మంది పిల్లల్ని గదమాయించే టీచరు!

"ఏందమ్మే ఇది?" అన్నాను.

అది అదిరిపడింది. "కాకి ముట్టందే నువ్వు తినవు గదా నాయనా. సెలవులిచ్చిన మొదటి రోజే చూసినా. డాక్టరమ్మకు అదే చెప్పుకోని ఏడ్చినా. మానిపించమంటారా అని నేనంటే, 'మానిపించొద్దు, కాకినే తొందరగా రప్పించు' అన్నది."

నాకు సిగ్గేసింది శేషమ్మా. పదోరోజు నీకు గుర్తుందా? ఎవరు ఏ మాటిచ్చినా కాకి దిగలేదు. చివరికి నువ్వు దణ్ణం పెట్టి, "మా అన్నకు వేళకింత పెడతాం లే వదినా, పోయిరా" అన్నావు. అప్పుడు వాలింది. ఆమె అడిగిందల్లా నేను వేళకు తినడమే. ఆమె పేరు చెప్పి నేను ఆ మాటే తప్పాను. ఆ కాకిలో ఆమెను రోజూ చూసుకోవాలని నా ఆశ. ఒళ్లు అరిగింది అందుకే. దానికి నేను కూతుర్ని దొంగను చేశాను.

నేను నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే ఉష, "నాయనా, నీ కర్రేదీ? కుర్చీ పట్టుకోకుండానే లేచొచ్చినావా?" అంది. అప్పుడు చూసుకున్నాను, నా రెండు చేతులూ ఖాళీ.

ఈ రోజు ముందు నేను తిన్నాను, తర్వాత ముద్ద పెట్టాను. కాకి వచ్చింది. నెత్తళ్లు చల్లలేదని ఉష ఒట్టేసింది. దాని చేతులు వాసన చూద్దామనుకుని మానుకున్నాను.

సంవత్సరీకానికి ముందురోజే రా. నడిచే పోదాం.

అన్న