ముప్పై రోజుల బోర్డు

మార్చి 4, ఉదయం

బోర్డు పెట్టేశాను. రేవులో చివరి స్తంభానికి, పడవలో వచ్చేవాళ్ళకీ ఒడ్డున నడిచేవాళ్ళకీ కనబడేలా. పైన పెద్దక్షరాల్లో ఆల్చిప్పల, సముద్రపు నాచు పెంపకానికి దరఖాస్తు అని ఉంది. దాని కింద నా పేరు, ఆ కింద నీళ్ళలో నేనూ తమ్ముడూ అడిగిన చోటు, నాలుగు మూలల కొలతలు. అన్నిటికంటే అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, ఈ నీళ్ళు వాడుకునేవాళ్ళెవరైనా ముప్పై రోజుల్లోగా అభ్యంతరం చెప్పుకోవచ్చు అని.

ముప్పై రోజులూ బోర్డు అక్కడ ఎడతెగకుండా ఉండాలి. ఒక్కరోజు పడిపోయినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి. ఏప్రిల్ 2తో పూర్తి. 3న ఆఫీసు కౌంటర్ దగ్గర, బోర్డు ముప్పై రోజులూ ఉందని అఫిడవిట్ ఇస్తే పర్మిట్ చేతికొస్తుంది.

ముప్పై ఎందుకు, పదిహేను చాలదా అని కౌంటర్లో కూర్చునే స్టాంపుల మేడంని అడిగాను. నేను ఉద్యోగంలో చేరకముందటి రూలమ్మా, నన్నడిగితే ఏం చెప్తాను అంది. మేకులు కొట్టి బిగించమని కూడా చెప్పింది. మేకు కొడితే లామినేషన్ చిరుగుతుందని నా తెలివి. పెంపకం తాళ్ళకి వేసే ముడే వేశాను. కిందికి ఎంత లాగినా బిగుస్తుందే తప్ప ఊడదు.

మార్చి 5

రెండేళ్ళు. పద్నాలుగు కాగితాలు. కాళ్ళరిగేలా తిరిగాను. నీటి పరీక్ష ఒక ఆఫీసు, పడవల దారి ఇంకో ఆఫీసు, మ్యాపు మూడో ఆఫీసు. ఆ మ్యాపు తలకిందులుగా ప్రింటయిందని నాలుగు వారాలు మింగేశారు. పదకొండేళ్ళు చేపల ప్యాకింగ్ రూంలో ఐసుతో చేతులు మొద్దుబారేలా పనిచేసి, జనవరిలో మానేశాను. తమ్ముడు ట్రాలర్ మీద ఉద్యోగం వదులుకున్నాడు. వెనక్కి వెళ్ళడానికి ఇద్దరికీ ఏమీ లేదు.

మార్చి 9

ఆరో రోజు. ఎవ్వరూ నోరు మెదపలేదు. హమ్మయ్య.

మార్చి 12

ఆల్చిప్పల పిల్లల్ని, అంటే సీడ్‌ని, అమ్మే హేచరీ నుంచి ఫోను. సీడ్ తయారైంది, కందిగింజంత ఉంది, 20న తీసుకెళ్తారా, వేరేవాళ్ళకి ఇచ్చేయమంటారా అన్నారు. మళ్ళీ సీడ్ వచ్చే ఏడాదే.

మా షెడ్డులో ట్యాంకు మూడు వారాలు ఓర్చుకుంటుంది. ఏప్రిల్ 10 దాటితే పిల్లలు ఒకదాన్నొకటి తొక్కుకుని, మేత చాలక చస్తాయి. పర్మిట్ 3న వస్తుంది. వారం రోజులు చేతిలో ఉంటాయి కదా, తెచ్చేద్దాం అక్కా అన్నాడు తమ్ముడు. వాడికెప్పుడూ అన్నిటికీ టైముంటుంది. ఊఁ అన్నాను.

మార్చి 17

హేచరీకి బయల్దేరుతున్నాను. మూడు రాత్రులు అక్కడే, సీడ్ ఏరి డబ్బాలకెత్తించాలి. రోజూ పొద్దున్నే బోర్డు ఫొటో తీసి పంపమని తమ్ముడికి పదిసార్లు చెప్పాను. నాకేమైనా చెవుడా అన్నాడు.

మార్చి 18

ఫొటో వచ్చింది. బోర్డుంది. స్తంభం మీద ఒక కొంగ కూడా ఉంది.

మార్చి 19

ఫొటో వచ్చింది. ఇక్కడ గాలి విపరీతంగా ఉంది. అమావాస్య పోటు, ఈ ఏడాదిలోకెల్లా పెద్దదట. హేచరీ మెట్ల మీదికి నీళ్ళొచ్చాయి.

మార్చి 20, సాయంత్రం 4

బోర్డు లేదు.

సీడ్ డబ్బాలు ట్యాంకులోకి దింపి, చెప్పులైనా వేసుకోకుండా రేవుకి పోయాను. స్తంభం నున్నగా, ఖాళీగా ఉంది. వెతగ్గా వెతగ్గా పడవలు దింపే ఏటవాలు మీద కుళ్ళిన నాచులో, మొహం కిందికి పెట్టుకుని కనబడింది. చిరగలేదు. తాడు దానికే ఉంది, ముడి మాత్రం పూర్తిగా ఊడిపోయింది.

ఊడదూ మరి? ఆ ముడి కిందికి లాగితే బిగుస్తుంది, కిందినుంచి ఎత్తితే వదులవుతుంది. నీళ్ళలో బరువులు వేలాడదీసి, కావాలన్నప్పుడు చటుక్కున విప్పుకోవడానికి వేసే ముడి. పెద్ద పోటు వచ్చి బోర్డుని అడుగునుంచి ఎత్తింది. బుద్ధున్నవాడెవడైనా మేకు కొడతాడు. చిన్నప్పటి నుంచీ రేవులో తాళ్ళ మధ్య పెరిగిన నేను ముడి వేశాను.

ఫోన్ తీసి తమ్ముడు పంపిన ఫొటోలు చూశాను. 18న కొంగ. 19నా కొంగే, ఇవాళ్టిది పంపనే లేదు. అదే స్తంభం, అదే కాలు ఎత్తి. ఒకే ఫొటో రెండుసార్లు పంపాడు. అడిగితే, గాలిలో ఎవడు పోతాడక్కా, బోర్డుకి కాళ్ళొస్తాయా అని అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. చెంప పగలగొట్టాలనిపించింది. ముప్పై నాలుగేళ్ళవాణ్ణి కొడితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను.

అదే రోజు, సాయంత్రం 7

తిరిగి లెక్క మొదలుపెడితే పర్మిట్ ఏప్రిల్ 19న. సీడ్ 10కే చస్తుంది.

ఎవరు చూశారక్కా అన్నాడు తమ్ముడు, సుత్తి నా చేతిలో పెట్టి. ఒకటో రెండో రోజులు, ఒక అట్ట ముక్క, దీనికోసం రెండేళ్ళు సముద్రంలో పారబోస్తామా అన్నాడు. నాలుగు మేకులూ నేనే కొట్టాను.

మార్చి 21

పద్దెనిమిదో రోజు అని రాయబోతే చెయ్యి ఆగింది. రాస్తున్నాను. పద్దెనిమిదో రోజు.

మార్చి 26

ఇంకో సంతకం కోసం ఆఫీసుకెళ్ళాను. స్టాంపుల మేడం తల ఎత్తకుండానే బోర్డు భద్రంగా ఉందా అని అడిగింది. ఉందండీ అన్నాను. అబద్ధం కాదు, ఇప్పుడు ఉంది. గాలికి చాలాచోట్ల ఊడిపోయాయట, నువ్వు జాగ్రత్తగల మనిషివి అంది. నవ్వాను. బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను.

మార్చి 30

పిల్లలు బొటనవేలి గోరంత అయ్యాయి. ట్యాంకులో చెయ్యి పెడితే గరగరమంటున్నాయి. రోజుకి రెండుసార్లు నీళ్ళు మారుస్తున్నాం. తమ్ముడు ఈల వేస్తూ తాళ్ళు పేనుతున్నాడు. వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. వాడి నిద్రలో సగం నాకిస్తే బాగుండును.

ఏప్రిల్ 2, ఉదయం 8

ముప్పయ్యో రోజు. పౌర్ణమి. పొద్దున ఆరింటికే నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. మిగతా రోజుల్లో మునిగి ఉండే ఇసుక మేట కూడా బయటపడింది. బోర్డుని ఆఖరిసారి చూసుకుందామని పోయాను.

గుల్లల పెద్దమ్మ బోర్డు ముందు నిలబడి ఉంది. బుట్ట నేలమీద, తవ్వుకోల చేతిలో, మోకాళ్ళ దాకా బురద. ఒకప్పుడు ఆవిడ ఏరిన గుల్లలు మా ప్యాకింగ్ రూంకే వచ్చేవి. ఇప్పటికీ నన్ను ప్యాకింగ్ అమ్మాయి అనే పిలుస్తుంది.

ఇదెప్పుడు పెట్టారమ్మా అని అడిగింది. పోయిన అమావాస్యకి వచ్చినప్పుడు లేదే అంది.

గాలికి ఊడిందేమో పెద్దమ్మా అన్నాను. అలాగా అంది. అంతే. నన్ను అనుమానించాలని కూడా ఆవిడకి తోచలేదు. తనకి అక్షరాలు రావని, ఏం రాశారో కాస్త చదివిపెట్టమని అడిగింది.

చదివాను. ఆల్చిప్పలు చదివాను, నాచు చదివాను, కొలతలు చదివాను. పేరు చదవలేదు. అడుగున ఉన్న వాక్యం చదవలేదు. ఆ చోటు ఏ వైపు అని అడిగితే చెయ్యి చూపించాను. చూపిస్తుంటే తెలిసింది, ఒక మూల సరిగ్గా ఆవిడ ఇందాకటిదాకా తవ్విన మేట మీదికి వస్తుంది. మ్యాపులో అది ఉత్త నీలం రంగు. నెలకి రెండే రెండుసార్లు, అమావాస్యకీ పౌర్ణమికీ బయటపడే మేటని ఏ మ్యాపువాడు చూస్తాడు? నేను చూడాలి. చూడలేదు.

ఎవరిదమ్మా అంది. ఎవరో అన్నాను.

పెద్దమ్మ తవ్వుకోల బుట్టలో పడేసింది. ముప్పయ్యేళ్ళ నుంచి వస్తున్నాననీ, మనవరాలి చదువు దీంతోనే నడుస్తోందనీ చెప్పింది. ఎవరైతేనేంలే, అడక్కుండా పెట్టరు కదా, ఆఫీసువాళ్ళు చూసుకుంటారు అని బుట్ట నెత్తినపెట్టుకుని పోయింది. పోతూ పోతూ, చిక్కిపోయావు, వేళకి తింటున్నావా అని అడిగింది.

అదే రోజు, సాయంత్రం 4:40

కౌంటర్ ఐదింటికి మూస్తారు. ఆవిడ ఇల్లు రేవు వెనక సందులో, ఇక్కడికి ఏడు నిమిషాలు. ఇప్పుడు పరిగెత్తినా అందుతుంది. ఆఫీసుకి తీసుకెళ్ళి, ఆవిడ చెప్పింది రాయించి, స్టాంపు వేయించవచ్చు.

ముప్పై రోజులు ఎందుకో ఇవాళ అర్థమైంది. ముప్పై రోజుల్లో నీళ్ళు అంతగా తగ్గేది రెండుసార్లు. ఆ రెండుసార్లే రేవుకి వచ్చేవాళ్ళ కోసం ఆ లెక్క. మొదటిసారి నా ముడి ఆవిడకి దక్కనివ్వలేదు. రెండోసారి నా నోరు.

4:52. మరదలు టీ తెచ్చింది. నాకెందుకు పెట్టావని కసిరాను. పాపం, బిత్తరపోయింది.

5:00. కదల్లేదు.

ఏప్రిల్ 3

తెల్ల చొక్కా వేసుకొచ్చాడు తమ్ముడు. కౌంటర్ దగ్గర ఇద్దరం. అఫిడవిట్ నా ముందు పెట్టి, సంతకానికి ముందు పైకి చదవమంది స్టాంపుల మేడం. ఎందుకండీ, చూశాను కదా అన్నాను. చూడకుండా సంతకం పెట్టామని తర్వాత గొడవ పెడుతున్నారట, అందుకని ఎవరిచేతైనా పైకి చదివిస్తుందట.

చదివాను. పైన తెలిపిన బోర్డు ముప్పై రోజుల పాటు, అంతవరకూ వచ్చాను. ఎటువంటి అంతరాయమూ, అక్కడ ఆగిపోయాను. మంచినీళ్ళు ఇచ్చింది మేడం. తాగాను. మళ్ళీ మొదటినుంచి చదివాను. మళ్ళీ అక్కడే. నిన్న ఒక మనిషి నా నోటిని నమ్మి నిలబడి విన్నది. నా గొంతు నాకే పరాయిదానిలా వినబడుతోంది.

తమ్ముడు బల్లకింద నా కాలు తొక్కాడు. ఇంకా గట్టిగా తొక్కాడు.

చెప్పేశాను. ముడి, పోటు, కొంగ, మేకులు, అన్నీ. వెనక లైన్లో ఉన్నవాళ్ళు కూడా విన్నారు. పెద్దమ్మ సంగతి మాత్రం బయటికి రాలేదు. దానికి సిగ్గు అడ్డొచ్చింది.

మేడం పెన్నుకి క్యాప్ పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. అబద్ధపు అఫిడవిట్ మీద సంతకం పడి ఉంటే జన్మలో ఇంకో దరఖాస్తు పెట్టనిచ్చేవాళ్ళు కాదమ్మా అంది. కొత్త తేదీ వేసి ఇంకో నోటీసు ప్రింటు తీసి ఇచ్చింది. తమ్ముడు అప్పటికే మెట్లు దిగిపోయాడు.

ఏప్రిల్ 4

కొత్త బోర్డు. ఎనిమిది మేకులు. ఒకటో రోజు.

ఏప్రిల్ 6

తమ్ముడు మాట్లాడటం లేదు. మరదలి చేత చెప్పిస్తున్నాడు. నీళ్ళు మార్చమని చెప్పు అంటాడు వాడు, మార్చానని చెప్పు అంటాను నేను. మధ్యలో ఆ పిల్ల నలిగిపోతోంది. షెడ్డులో పెంకులు తెరుచుకుని కొన్ని చచ్చాయి. వాసన మొదలైంది.

ఏప్రిల్ 9

అవతలి ఒడ్డు ఆసామికి పర్మిట్ ఉంది, తాళ్ళు ఖాళీగా ఉన్నాయి. బతికినవన్నీ ఆయనకి ఇచ్చేశాను. డబ్బాలు తమ్ముడే పడవలోకి ఎక్కించాడు. ఆఖరి డబ్బా ఎక్కించేముందు మూత తీసి ఒకసారి చూసుకున్నాడు. అప్పటిదాకా ఆపుకున్నదంతా నాకు అప్పుడొచ్చింది. షెడ్డు వెనక్కి పోయి బావురుమన్నాను. వచ్చేసరికి పడవ వెళ్ళిపోయింది.

రాత్రి అన్నం దగ్గర, వచ్చే ఏడాది సీడ్ కోసం ఇప్పుడే చెప్పి ఉంచాలి అన్నాడు. గోడకి చెప్పినట్టు చెప్పాడు. అయినా మాట్లాడాడు.

ఏప్రిల్ 17

అమావాస్య. ఐదున్నరకే బోర్డు దగ్గర నిలబడ్డాను. పెద్దమ్మ వచ్చింది. మొత్తం చదివాను. పేరు దగ్గర, అది నేనే పెద్దమ్మా అంటే నా మొహంలోకి చూసింది. ఆగకు, చదువు అంది. అడుగు వాక్యం రెండుసార్లు చదివించుకుంది. అయితే నా తరఫున నువ్వే రాయి అంది.

అభ్యంతరం నేనే రాశాను, ఆవిడ చెప్పింది చెప్పినట్టు. ప్యాకింగ్ అమ్మాయి మంచిదే గానీ అని మొదలుపెట్టింది. అదీ రాశాను. వేలిముద్ర వేసింది. కౌంటర్లో ఇచ్చింది కూడా నేనే. స్టాంపుల మేడం ఆ కాగితాన్నీ నా దరఖాస్తునీ పక్కపక్కన పెట్టి రెండింట్లోనూ చేతిరాత చూసింది. స్టాంపు కొట్టింది.

పద్నాలుగో రోజు.