కోతకాలపు కబురు

అక్కకి,

చెల్లెలు రాసేది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమంగానే ఉన్నాం. నువ్వూ అక్కడ కులాసాగా ఉన్నావని అనుకుందామంటే నీ ఉత్తరం అలా అనుకోనివ్వలేదు. టైలరు షాపులో కుట్టుమిషను గురించి మొదలుపెట్టినా, అద్దెగదిలో నీళ్ళు రావడం లేదని మొదలుపెట్టినా చివరికి బావ దగ్గరే తేలావు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ కంట్లో మందు సరిగ్గానే వేయించుకుంటోంది. కొండల మీద తిరిగి నల్లబడిపోయానని పొద్దున లేచింది మొదలు నన్ను సాధిస్తోంది. ఉద్యోగం ఎలా ఉందన్నావు. ఇది కాఫీ కోతల కాలం కాబట్టి కంపెనీవాళ్ళు నన్ను ఇంటిపట్టున ఉండనివ్వడం లేదు. రోజూ జీపులో ఏదో ఒక చిన్న తోట దగ్గర దింపుతారు. అక్కడ కోసిన పండ్లలోంచి దోసెడు తీసి బకెట్టు నీళ్ళలో వేస్తాను. మునిగినవి మంచివి, తేలినవి తాలు. ఎన్ని తేలాయో, పచ్చికాయలెన్ని కలిశాయో చూసి, ఆ పంట మా కంపెనీ కొనాలో వద్దో రాస్తాను. నేను బకెట్టు మీదకి వంగితే తోటవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఆ నిమిషంలో ఇది ఎంత పాపిష్టి ఉద్యోగమో అనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. నువ్వు లేని ఇల్లు ఇల్లులా లేదని బావ కబురు పంపాడనీ, వెళ్ళాలో మానాలో తేల్చుకోలేక నిద్ర పట్టడం లేదనీ, ఆ వైపు వెళ్ళినప్పుడు చూసొచ్చి ఉన్నదున్నట్టు రాయమనీ అడిగావు. వెళ్ళాను. చూశాను.

ముందు బావ తోటకి ఆనుకుని ఉన్న ముసలి దంపతుల తోట చూశాను. ఒకే మొక్కకి అటొకరు, ఇటొకరు నిలబడి కోస్తున్నారు. "పచ్చివి కోస్తున్నావే" అని ఆయన. "నీ కళ్ళకి పచ్చకామెర్లు" అని ఆవిడ. అలా తిట్టుకుంటూనే ఆవిడ బుట్ట నిండగానే ఆయన తీసుకెళ్ళి కళ్ళంలో పోసి వస్తున్నాడు. వాళ్ళ పండ్లు ఒకటీ అరా తప్ప అన్నీ మునిగాయి. నాకెందుకో నువ్వే గుర్తొచ్చావు.

బావ గేటు దగ్గరికే ఎదురొచ్చి నా చేతిలో బకెట్టు అందుకున్నాడు. చిక్కాడా అని అడిగావు. చిక్కాడు. గడ్డం మాసింది, చొక్కాకి పైగుండీ లేదు. నాకు జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

"మీ అక్క ఎలా ఉంది మరదలా?" అన్నాడు.

"బాగుంది."

"నన్ను తలుచుకుంటుందా?"

"అది అక్కనే అడుగు."

కళ్ళు తుడుచుకున్నాడు. నటన అనను. నీళ్ళు నిజంగానే వచ్చాయి.

వంటింటి కప్పు బాగుచేయించలేదు. కారే చోట నువ్వు పెట్టిన గిన్నె అలాగే ఉంది. కాఫీ కలిపి ఇచ్చాడు. తాలు గింజల కాఫీ. మంచివి అమ్మకానికి, తేలినవి ఇంటికి. కాపురానికి వెళ్ళింది మొదలు నువ్వు తాగింది అదే కదా అనుకుని ఒక్క గుటకలో మింగేశాను. ఎంత పంచదార వేసినా ఆ చేదు చావలేదు.

దిగువ వాలులో నువ్వు నాటిన మొక్కలు కాశాయా అని అడిగావు. విరగకాశాయి. కానీ కోసే దిక్కు లేదు. పండ్లు ఎర్రగా నిండి, కొన్ని అప్పుడే నల్లబడి రాలుతున్నాయి. ఎగువ వాలులో కూలీలు పండూ కాయా చూడకుండా కొమ్మను పిడికిట పట్టి దూసేశారు. నేను వేసిన దోసెట్లో సగం తేలాయి. పంట వద్దని రాయక తప్పదన్నాను. బావ ముఖం చూసి నోరు ఊరుకోక, దిగువ వాలు ఒద్దికగా కోయించుకుంటే మళ్ళీ వచ్చి చూస్తానని కూడా అన్నాను.

"ఒద్దికగా కోయాలంటే మీ అక్క చెయ్యే పడాలి" అన్నాడు. "రేపే జీపు పంపిస్తాను. నేను ఏడ్చానని చెప్పు. అది లేకపోతే నేను బతకలేనని చెప్పు."

అప్పుడు నాకు వెలిగింది. పోయినేడు నువ్వు పుట్టింటికి వచ్చేసినప్పుడూ కబురు వచ్చింది ఈ నెలలోనే. అంతకు ముందేడూ ఇంతే. పండు ఎర్రబడగానే నువ్వు లేని ఇల్లు ఇల్లు కాదు. బస్తాలు ఇల్లు దాటగానే నువ్వు తిండి దండగ. కంచం ముందు కూర్చోబెట్టి ఆ మాట అన్నాడనే కదా ఈసారి నువ్వు టౌనుకి వెళ్ళి మిషను తొక్కుకుంటున్నది.

అక్కా, ఇక్కడొకటి ఒప్పుకోవాలి. రాయాలా వద్దా అని ఇంతసేపూ అటూ ఇటూ తిప్పాను. నేను బావకి అబద్ధం చెప్పాను. నీ చెయ్యి విరిగిందన్నాను.

"వస్తుంది బావా, రేపే వస్తుంది" అన్నాను. "కాకపోతే మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు కట్టారు. ఈ కోతలయ్యేదాకా కదపకూడదట. అయినా నీ దగ్గరికే వస్తానని ఒకటే గోల."

బావని ఓడించాలని అనలేదు, ఒట్టు. "విరిగితే విరిగింది, మనిషిని పంపు, నేను చూసుకుంటాను" అంటాడేమోనని ఎంత ఆశగా చూశానో నాకే తెలుసు. ఆ ఒక్క మాట అని ఉంటే నేనే నీ పెట్టె సర్ది తీసుకొచ్చి దింపేదాన్ని. తేలిన పండ్లన్నీ మర్చిపోయేదాన్ని.

బావ దిగువ వాలు వైపే చూస్తున్నాడు.

"కుడిచెయ్యేనా?" అన్నాడు.

"కుడిచెయ్యే."

"అయ్యో. అయితే తగ్గేదాకా అక్కడే ఉండనీ. ఇక్కడ దాన్ని ఎవరు చూస్తారు? తొందరేముంది, మెల్లగానే రావచ్చు."

ఎప్పుడు పడిందని అడగలేదు. నొప్పిగా ఉందా అని అడగలేదు. అక్కడ నీకు అన్నం ఎవరు కలిపి పెడుతున్నారని అడగలేదు. జీపు మాట మళ్ళీ ఎత్తలేదు.

వెళ్ళమనీ వద్దనీ నేను చెప్పను. చెప్పినా నువ్వు వినే రకం కాదు. నీ చెయ్యి విరిగిందన్నందుకు నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను. ఆ రోజు నుంచీ నాకూ అన్నం సయించడం లేదు. కానీ ఉన్నదున్నట్టు రాయమన్నావు కాబట్టి మిగిలిందీ రాసేస్తాను.

నన్ను జీపు ఎక్కించి, బకెట్టు నా కాళ్ళ దగ్గర పెట్టి, తలుపు పట్టుకుని బావ ఇంకో మాట అడిగాడు.

"పోనీ మరదలా, అత్తయ్య ఇంట్లో ఖాళీగానే ఉంటుందిగా?"

ఈ మాట అమ్మకి చెప్పలేదు. నువ్వూ రాయకు. తెలిస్తే, నీ కాపురం నిలబడుతుందని బుట్ట నడుముకి కట్టుకుని రేపే బయల్దేరుతుంది.

ఇట్లు,
నీ నోటిదురుసు చెల్లెలు