లైసెన్సులో మిగిలిన చోటు

సెప్టెంబర్ 3, బుధవారం

పొద్దుటి నుంచి ముసురు. నాచారం రోడ్డంతా నీళ్లు. బైకు తోసుకుంటూ షెడ్డుకు చేరాను. రోజంతా లేత్ మీద పంపు షాఫ్టులు. ఒకటి చెడగొట్టాను. మనసు పనిలో లేదు.

రెండో తుపాకికి అనుమతి వచ్చింది. ఈ నెలాఖరులోపే కొనాలి. నాన్న వదిలిపోయిన సింగిల్ బ్యారెల్ ఎలాగూ ఉంది. లైసెన్సులో ఇక ఒక్కదానికే చోటు.

సాయంత్రం ఊరి నుంచి మల్లేశ్ ఫోన్. నా భార్య సుజాతకు ఒక్కడే తమ్ముడు. "బావ, పందులు మల్ల వడ్డయి. సగం మక్క తొక్కినయి. గిట్లనే ఉంటె ఒక్క కంకి మిగలది." పోయిన ఏడూ ఇంతే. ఈసారీ పోతే కౌలు వదిలేసి ఇక్కడే ఏదో కంపెనీలో చేరతానంటున్నాడు. ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడే మనిషి కాదు వాడు.

సెప్టెంబర్ 6, శనివారం

ఉప్పల్‌లో తుపాకుల దుకాణం. పాయింట్ టూటూ చిన్న రైఫిల్, సెమీ ఆటోమేటిక్. తేలిక. భుజానికి ఆనించగానే కుదిరింది. ఆదివారాలు క్లబ్బు రేంజ్‌లో ఇలాంటిదే అడిగి తీసుకుని కాలుస్తుంటాను. గురికి ఇంతకంటే మంచిది అక్కర్లేదు. పందికి మాత్రం పనికిరాదు. గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది.

అక్కడి నుంచి రామంతాపూర్, రావు గారి ఇంటికి. రైల్వేలో చేసి రిటైరయ్యారు. అటవీ శాఖ వాళ్లు పందులను కొట్టడానికి పెట్టుకున్న జాబితాలో ఆయన పేరూ ఉంది, నా పేరూ ఉంది. ఆయనది పెద్ద రైఫిల్, అదీ సెమీ ఆటోమేటిక్. నొక్కిన ప్రతిసారీ ఒక గుండు... తర్వాతిది దానంతట అదే ఎక్కుతుంది. "మోకాళ్లు పోయాయండీ. బీరువాలో పడి ఉండేకంటే వాడుకునే వాళ్ల దగ్గర ఉంటే బాగుంటుంది."

బరువు. గుండ్లు దొరకవు. మా రేంజ్‌లో దీన్ని కాల్చనివ్వరు. కానీ పంది పడుతుంది.

సెప్టెంబర్ 7, ఆదివారం

రేంజ్. గుండ్లన్నీ నడిమి సున్నాలోనే. చిన్నదే కొనాలనిపించింది. ఇంట్లో చెప్పలేదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

మల్లేశ్ వచ్చాడు. అన్నం ముందు కూర్చుని అదే మాట. చిన్నదాని సంగతి ఎత్తితే నవ్వాడు.

"దానితోని పందిని కొడ్తె దురద పోయిందని మొక్కుతది బావ."

సుజాత నా వైపు చూసి: "వానికి ఏదన్న ఒకటి చెప్పరాదు. ఒక బుక్క తింటుండు, ఒకసారి నీ మొహం సూస్తుండు."

ఒకసారి పెద్దదాన్ని చేను దగ్గరే కాల్చి చూస్తానన్నాను. ఓనరు పక్కనే ఉండాలి. రావు గారు సరేనన్నారు. పందులను కొట్టడానికి పంచాయతీ ఇచ్చే కాగితం మల్లేశ్ తెస్తాడు.

సెప్టెంబర్ 13, శనివారం

ఊరు. ఇంకా వెలుతురు ఉండగానే చేను మూలన కూర్చున్నాను. రావు గారు నా వెనక, ప్లాస్టిక్ కుర్చీలో.

మా దగ్గర ఒక పద్ధతి. తుపాకి పట్టినవాడు మూలన ఉంటాడు. మిగతావాళ్లు గట్ల వెనక బోర్లా పడుకుంటారు. చప్పుడు కాగానే డబ్బాలు కొడుతూ లేచి మందను గుట్ట వైపు తోలుతారు. చప్పుడైందంటే తుపాకి ఖాళీ. సింగిల్ బ్యారెల్ మడిచి మళ్లీ తూటా పెట్టేలోపు వాళ్లు నా వెనక్కి వచ్చేస్తారు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇన్నేళ్లుగా నా తుపాకి చప్పుడుకు అలవాటు పడ్డారు.

పంది వచ్చింది. కాల్చాను. పడింది. దాని వెనకే ఇంకొకటి. రెండో గుండు అప్పటికే ఎక్కి ఉంది. గొట్టం దాని వెంట తిప్పాను, వేలు బిగించాను — పంది లేదు. మల్లేశ్. నడుము దాకా మక్కలో నిలబడి డబ్బా కొడుతున్నాడు.

వేలు తీశాను. ఎలా తీశానో.

"మంచి దెబ్బండీ," అంటున్నారు రావు గారు. ఆయనకు విషయం చెబితే, "ఏమీ కాలేదు కదా" అన్నారు. మల్లేశ్‌కూ చెప్పాను. పడిన పందిని కాలితో కదుపుతున్నాడు. "నువ్వు నన్ను కొడ్తవా బావ? ఫికర్ జెయ్యకు. గిదే తీసుకో."

సెప్టెంబర్ 14, ఆదివారం

రేంజ్‌కు పోలేదు.

సెప్టెంబర్ 15, సోమవారం

వాన. పని తక్కువ. మధ్యాహ్నమే ఇంటికి. సుజాతకు చెప్పాను. బియ్యం ఏరుతోంది, చెయ్యి ఆపింది.

"వానికి ఎరికేనా?"

"చెప్పిన. నవ్విండు."

"నవ్వుతడు. వాడు చిన్నప్పటి సంది గంతే." మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

సెప్టెంబర్ 18, గురువారం

నేను పిలిచేదాకా ఎవరూ లేవకూడదు — అలా పెట్టుకుంటే? మల్లేశ్‌కు ఫోన్ చేశాను. "నువ్వు పిలిస్తె ఎవనికి వినవడ్తది బావ? ఒకడు లేస్తె అందరు లేస్తరు, డబ్బాలు మోగుతయి." నిజమే. నా వేలు కూడా అంతే. ఈసారి ఆగుతుందని ఎవరు చెప్పగలరు.

సెప్టెంబర్ 20, శనివారం

ఉప్పల్ వెళ్లి చిన్నదాన్నే లైసెన్సులో రాయించాను. పందులకు నా సింగిల్ బ్యారెల్‌తోనే వస్తానని మల్లేశ్‌కు చెప్పాను.

"ఒక్కటి కొడ్తవు, పది పారిపోతయి. పొద్దుగాల మల్ల వస్తయి. నువ్వు అట్టల మీద బొక్కలు పెట్టుకో బావ." ఫోన్ పెట్టేశాడు.

సెప్టెంబర్ 23, మంగళవారం

మల్లేశ్ ఫోన్ ఎత్తడం లేదు. సుజాత చేసినా ఎత్తడం లేదు.

సెప్టెంబర్ 27, శనివారం

తెరిపి. సగం పూటే పని. ఇంటికి వచ్చేసరికి వాకిట్లో రావు గారి కారు. డ్రైవరు సీట్లో మల్లేశ్. ముందే రామంతాపూర్ పోయి ఆయన్ను ఒప్పించి తెచ్చాడు. సుజాత పెట్టిన టీ ఇద్దరూ కారులోనే తాగుతున్నారు.

"అబ్బాయి అంతగా అడిగాడండీ. ఒక్కసారి. కుర్చీ వేస్తే కూర్చునే కాలుస్తాను," అన్నారు రావు గారు.

చప్పుడుకు వాళ్లు లేచే సంగతి మళ్లీ చెప్పాను. తలూపారు. జాగ్రత్తగానే ఉంటానన్నారు. నేనూ వస్తానన్నాను.

మల్లేశ్ నా మొహం చూడలేదు. "నువ్వు రాకు బావ. నువ్వొస్తె ఆయన చెయ్యి గూడ ఆగుతది."

వెళ్లొద్దురా అన్నాను. ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి ఇంజన్ స్టార్ట్ చేశాడు.

సుజాత లోపలికి పోయి చెప్పులేసుకుని వచ్చింది. చేతిలో సంచి కూడా లేదు. ఎక్కడికి అన్నాను. "గట్టు ఎనక వాని పక్కన పండుకుంట. లేవకుండ వాని అంగి వట్టుకుంట." వెనక తలుపు తీసి, రైఫిల్ సంచి జరిపి కూర్చుంది.

నాలుగింటికి పోయారు. రావు గారు, మల్లేశ్, సుజాత.