మావయ్య తాగని చుట్టలు

జూన్ 4

విశాఖ ఆసుపత్రి నుంచి కారులో కోటబొమ్మాళి తిరిగొచ్చాం. ముందు సీట్లో మావయ్య, వెనక అత్తయ్య, వాళ్ల కొడుకు బావ, నేను. మావయ్యకి నాలుక మొదట్లో గడ్డ... క్యాన్సరే. చుట్ట, సిగరెట్టు, గుట్కా — డాక్టరు వరసగా అడిగాడు. లేదు, లేదు, లేదు. అయితే హెచ్‌పీవీ అనే వైరస్, పరీక్షలో తేలింది. ఎప్పుడో పడుచు వయసులో ఒంట్లో చేరి ఉంటుంది, చాలామందికి దానంతటదే పోతుంది, కొందరికి పోదు. ఎలా చేరుతుందని అత్తయ్య అడిగింది. ఆడా మగా కలయిక వల్లనని చెప్పాడు. ఎవరి తప్పూ వెతకొద్దన్నాడు. అత్తయ్య దారంతా కిటికీలోంచే చూసింది.

వచ్చేటప్పుడు డాక్టరు నన్నూ బావనీ ఆపాడు. దీనికి టీకా ఉంది, మగవాళ్లూ వేయించుకోవాలి, పెళ్లికి ముందైతే మరీ మంచిది. బీయస్సీ మైక్రోబయాలజీ, సెకండ్ క్లాసు — మహాపండితుడిలా తల ఊపాను.

జూన్ 9

అత్తయ్య చుట్టల కట్ట తెప్పించింది. వచ్చేపోయేవాళ్లకు కనబడేలా అరుగు మీద పెట్టింది. కన్నతల్లి చుట్ట నిప్పును నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగుతోందని ఏళ్ల తరబడి ఆవిడతో పోట్లాడిన మనిషి మావయ్య. ఇప్పుడు ఊరికి అధికారికంగా చుట్టలరాయుడు. చుట్టకి పరువుంది. వైరస్‌కి లేదు.

"ముందే మానేస్తే బాగున్ను మావా" — పరామర్శలు. మావయ్య బుద్ధిగా తల ఊపుతున్నాడు.

జూన్ 15

శ్రీకాకుళంలో టీకా మొదటి సూది. చెల్లికా అని అడిగాడు మందుల షాపతను. నాకే అన్నాను. నా మొహంలో ఏదో రోగం కోసం వెతికాడు. లోకకల్యాణార్థం ఎడమ భుజాన్ని సమర్పించాను. కాస్త నొప్పి. అంతే.

జూన్ 16

వీరుడి భుజం దర్శించుకోమని బావకి చూపించాను. నవ్వలేదు. అది ఆడపిల్లల టీకా అన్నాడు. కాదని వివరించాను. నేల చూపులు చూశాడు.

"నానేసుకుంటే మా అయ్యది సుట్ట కాదని సెప్పినట్టే కదరా."

ఎవరికి తెలుస్తుందన్నాను.

"శ్రీకాకులం ఏటి, సీమదేశమా? సాయంత్రానికి సంతలో ఉంతాది కబురు."

కార్తీకంలో అతను తాళి కట్టేది మా చెల్లికి. దాని కోసమైనా వేసుకో అనే మాట నా నాలుక మీదే... నేను దాని అన్నని. ఎలా అనను.

జూలై 2

మావయ్యకి కరెంటు పెడుతున్నారు, అదే రేడియేషన్. మెడ నల్లగా కమిలి, తోలు లేస్తోంది. ఉమ్మి మింగలేడు. గంజి గొట్టంలోంచి. సంతలో ఈ చివర అరిస్తే ఆ చివర బేరం తెగేది, ఆ గొంతుకి. నా దగ్గర జోకులు అయిపోయాయి.

జూలై 11

చెల్లే అడిగింది, అసలు మావయ్యకి ఏమైందని. అంతా చెప్పాను. తను హాస్టల్లో ఉండగానే టీకా వేయించుకుందట. నాకే తెలీదు.

"నా బెంగ నా కోసం కాదన్నయ్యా. రేపొద్దున బావని ఆ గొట్టంతో నేను సూడలేను. ఏసుకోకపోతే తాళి కట్టొద్దను. నువ్వే సెప్పు."

జూలై 12

రాయబారం. విన్నాడు. అలాగే అందా అన్నాడు. అలాగే అంది అన్నాను. గంజి గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

జూలై 13

కబురు లేదు. అమ్మ పెళ్లిచీరల మాట ఎత్తితే చెల్లి లేచి వెళ్లిపోయింది.

జూలై 15

బావ ఫోన్. పెళ్లిలోపు అన్ని సూదులూ అయిపోతాయా అని. అవవు, మొదలుపెట్టు, మిగిలినవి తర్వాత అన్నాను. ఊరికి తెలిస్తే తెలిసిందిలే అన్నాడు. ఇంకేం అడ్డం?

"మా అయ్యకి తెలిస్తే... ఆయన్ని నాను తప్పుడు మనిసనుకున్నాననుకుంతాడు."

అవతల దగ్గు. ఆగు అని ఫోన్ పక్కన పెట్టాడు. కట్ చెయ్యలేదు. స్పీకర్ పెట్టుకుని రాస్తున్నాను. మంచం కిర్రుమంది. నీళ్ల చప్పుడు. మావయ్య ఏదో అంటున్నాడు — మాట కాదు, ఉత్త గాలి. మంచం పక్కనే నిలబడి మాట్లాడాడా ఇంతసేపూ బావ? అయితే మావయ్య అంతా విన్నాడు.

ఏటి అయ్యా, అంటున్నాడు బావ. మళ్లీ గాలి, అందులో సూది అన్నట్టుంది.

"ఇనబడ్లేదు. ఇంకోపాలి సెప్పు."