నాలుగు చుక్కల నీలం

డిసెంబర్ 3

కెమెరామన్ రవిచంద్ర సార్ ఇవాళ ఫిల్మ్‌నగర్ ఆఫీసులో తన అసిస్టెంట్లు ఇద్దరినీ, అంటే నన్నూ సిద్ధార్థనూ, కూర్చోబెట్టి చెప్పారు. జనవరిలో లంబసింగిలో షూటింగ్ షెడ్యూల్. పొగమంచు షాట్లన్నీ పాత ఫిల్మ్ మీద తీసినట్టుండాలి. ఆ రంగు కెమెరాలోనే రావాలి, తర్వాత కంప్యూటర్లో పులిమితే డైరెక్టర్ ఒప్పుకోడట. ఇరవయ్యో తారీఖులోగా టెస్ట్ ఫోటోలు చూపించాలి. ఎవరివి నచ్చితే వాళ్లే అక్కడ కెమెరా చేస్తారు. టైటిల్స్‌లో విడిగా పేరు కూడా.

ఆరేళ్లుగా లెన్సులు మోస్తున్నాను. మనోజ అనే పేరు తెరమీద ఒక్కసారీ పడలేదు. ఈసారి నాకు కావాలి. అంతే.

డిసెంబర్ 6, ఉదయం 6.20

షేక్‌పేట వెనక బండలు. పాత ఫిల్మ్ గరుకు కోసం గ్రెయిన్ పెంచాను, కాంట్రాస్ట్ తగ్గించాను, కలర్ సగానికి దించాను. మంచు సున్నం కొట్టిన గోడలా వచ్చింది.

డిసెంబర్ 9

ఇవాళా సున్నమే. వేళ్లు కొంకర్లు పోయాయి. సిద్ధార్థ ఫోన్ చేసి, నాకైతే ఏం సమజైతలేదు, నీకేమన్న దొరికిందా అన్నాడు. పాపం అనిపించింది.

డిసెంబర్ 12

దొరికింది!

ఏది తెలుపో కెమెరాకి చెప్పడానికి, అంటే వైట్ బ్యాలెన్స్ కొలవడానికి వాడే గ్రే కార్డ్ ఇంట్లో మర్చిపోయాను. తెల్లనిదేదో ఒకటి చాల్లే అని, చెవులకు చుట్టుకున్న నాన్న తువ్వాలు బండమీద పరిచి కొలిచాను. పొగమంచు మొత్తం పల్చటి తేనెరంగు. అసలైన ఫిల్మ్. ఇంటికొచ్చాక గానీ అర్థం కాలేదు. అమ్మ తెల్లబట్టల్ని నీలంలో ముంచుతుంది, అరబకెట్ నీళ్లకి సీసాలోంచి నాలుగు చుక్కలు. మన కంటికి తెలుపే. కెమెరా మాత్రం ఆ నీలాన్నే తెలుపనుకుని, సరిచేయబోయి మిగతా లోకానికంతా పసుపు కలిపింది.

సాయంత్రం సిద్ధార్థ యూసుఫ్‌గూడలో మా ఇంటికొస్తే ఆపుకోలేక మొత్తం చెప్పేశాను. ఆరేళ్లు ఒకే టిఫిన్ బాక్స్‌లో తిన్నవాడి దగ్గర దాపరికమేంటి? నీ అసుంటోళ్లు వందల ఒకరుంటరే అన్నాడు. అమ్మ గుత్తివంకాయ చేస్తే మూడుసార్లు వేయించుకున్నాడు.

డిసెంబర్ 20

జూబ్లీహిల్స్‌లో సార్ ఇల్లు. నా ఫోటోలు టీవీలో పెట్టి చాలాసేపు చూశారు. బావున్నాయమ్మా, కానీ సిద్ధార్థవి చూసి చేసినట్టున్నావు, రెండ్రోజుల క్రితమే ఈ రంగు తెచ్చాడు అన్నారు.

సిద్ధార్థ పక్కనే ఉన్నాడు. టీ కప్పులోకి చూస్తున్నాడు.

నా ఫోటోల తేదీలు చూడండి సార్ అన్నాను. కెమెరాలో తేదీ ఎవరైనా మార్చుకోవచ్చమ్మా, మీరిద్దరూ చిన్నపిల్లల్లా పోట్లాడుకోకండి అన్నారు. సిద్ధార్థ నోరు విప్పుతాడని ఇంకా ఎదురుచూశాను. ఎంత వెర్రిదాన్నో.

అదే రోజు, సాయంత్రం 4

దండెం మీద తువ్వాలు లేదు. అమ్మనడిగితే, పద్నాలుగో తారీఖునే సిద్ధూ పట్టుకెళ్లాడే, నువ్వే తెమ్మన్నావని చెప్పాడు అంది. నా పేరే చెప్పి, మా అమ్మ చేత్తోనే ఇప్పించుకున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఏంటో ఇవాళ తెలిసింది.

అమ్మకి జరిగిందంతా చెప్పాను. వాడు తిన్న కంచం ఏదని అడిగింది.

డిసెంబర్ 27

మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

జనవరి 8

యూనిట్ వాట్సాప్ గ్రూపులో లంబసింగి ఫోటోలు. కెమెరా వెనక సిద్ధార్థ, మెడలో నాన్న తువ్వాలు. చలికి చుట్టుకున్నాడు, హాయిగా. మధ్యాహ్నం దాకా అదే చూస్తూ కూర్చున్నాను. కోపం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది. అంత తేలిగ్గా ఎలా చెప్పేశాను?

జనవరి 11

సిద్ధార్థ ఇవాళ అమ్మకి ఫోన్ చేశాడు. లాడ్జిలో తువ్వాలు ఉతికేసిన్రట, నీలమంతా పోయిందట. కొత్త కెమెరా వచ్చింది, మళ్ల కొలవాలె, రేపు పొద్దున్నే హీరోయిన్ షాట్, నీలం ఎంతెయ్యాలెనో మర్శిపోయిన ఆంటీ, జర చెప్పుండ్రి అన్నాడు.

అమ్మ ఎంతో ప్రేమగా, సగం సీసా పోసెయ్ నాయనా అంది.

ఫోన్ పెట్టేసి నాకు అన్నం వడ్డించింది. ఇన్నాళ్లకి ఏడుపొచ్చింది.